సంతకం దగ్గర జరిగిన తప్పు

సంపాదకులకు,

2009లో భద్రాచలం వైపు గిరిజన బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకా వేసిన తీరు గుర్తుచేసి, దేవరకొండ తండాల్లో ఆ మాటే ఎత్తొద్దని మీ పాఠకులొకరు రాశారు. ఆయన కోపం సబబే. తల్లిదండ్రులు పెట్టాల్సిన సంతకాలు చాలాచోట్ల హాస్టల్ వార్డెన్లు పెట్టేశారు. 2013లో పార్లమెంటరీ సంఘం గట్టిగానే తప్పుపట్టింది. కానీ అప్పటి మరణాలకు టీకాయే కారణమని విచారణలో తేలలేదు. వాటిలో ఒకటి నీట మునిగి, ఒకటి పాముకాటుతో జరిగినవి. తప్పు సంతకం దగ్గర జరిగితే సూదిని వెలివేయడం ఏం న్యాయం?

ఇక ‘మర్యాదస్తుల ఇళ్లకు ఈ జబ్బెందుకొస్తుంది’ అన్న మాట. హెచ్‌పీవీ భర్త ఒక్కడి నుంచైనా రాగల వైరస్; మర్యాదతో పనిలేదు. చాలామందిలో రెండేళ్లలో దానంతటదే పోతుంది. పోకుండా తిష్ట వేస్తేనే పది, ఇరవై ఏళ్లకు క్యాన్సర్ రావచ్చు. అంత గడువుంది కనుకే ముప్పై దాటిన స్త్రీలకు పరీక్ష అక్కరకొస్తుంది. గర్భాశయ ముఖద్వారానికి పలుచని వెనిగర్ లాంటి ద్రావణం పూస్తే, మార్పు వచ్చినచోటు నిమిషంలో తెల్లబడుతుంది. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్‌లో వైరస్‌నే వెతికే మరో పరీక్ష, హెచ్‌పీవీ పరీక్ష, ఒక్కసారి చేసినందుకే ఈ క్యాన్సర్ మరణాలు దాదాపు సగానికి తగ్గాయని 2009లో తేలింది. టీకా అన్ని రకాల హెచ్‌పీవీనీ ఆపదు గనుక, వేయించుకున్నవారికీ ఇలాంటి పరీక్ష తప్పదు. అందుకే టీకాను కాదనకుండా, తండాలో అనుమతి పత్రాన్ని లంబాడీలో చదివి వినిపించి, తల్లి అడిగినవాటికి జవాబు చెప్పాకే వేలిముద్ర తీసుకోమని అడుగుదాం.

– ఒక పాఠకుడు, దేవరకొండ