ప్యూరిఫయర్ కొనే ముందు ఫిల్టర్ ధర అడగండి

దీపావళి సెలవులు అయిపోయి స్కూల్ తెరిచాక, నాకు వచ్చే లీవ్ లెటర్లలో "జలుబు, దగ్గు" అనే మాటలు ఎక్కువైపోతాయి. ఫిబ్రవరి దాకా ఇదే వరస. ఆ నెలల్లోనే పేరెంట్స్ మీటింగుల్లో ఒక ప్రశ్న కూడా తరచుగా వినిపిస్తుంది: "మేడమ్, ఇంట్లో ఎయిర్ ప్యూరిఫయర్ పెట్టుకోవడం మంచిదేనా?"

మంచిదే. పిల్లలకు ఆస్తమా గానీ, డస్ట్ అలర్జీ గానీ ఉన్నా, ఇల్లు మెయిన్ రోడ్డు పక్కనే ఉన్నా తప్పకుండా ఉపయోగపడుతుంది. డాక్టర్ రాసిన మందుకు, ఇన్‌హేలర్‌కు మాత్రం అది బదులు కాదు. అయితే మెషిన్ కొనడం ఈ పనిలో చివరి మెట్టు అని నా అభిప్రాయం. దానికి ముందు చేయాల్సింది ఒకటుంది, కొన్న తర్వాత చేయాల్సింది ఇంకా ఎక్కువ ఉంది. ఆ రెండూ వదిలేసి మెషిన్ ఒక్కటే కొంటే, హాల్లో ఖరీదైన ఫ్యాన్ పెట్టుకున్నట్టే.

ముందు ఇంట్లో పొగ ఆపుదాం

మనల్ని ఇబ్బంది పెట్టేది ముఖ్యంగా పీఎం 2.5 అనే సన్నని ధూళి. 2.5 మైక్రాన్లు, అంతకంటే చిన్న రేణువులు ఇవి. మన తల వెంట్రుక మందం 50 నుంచి 70 మైక్రాన్ల దాకా ఉంటుందంటే, ఇవెంత చిన్నవో చూడండి. ముక్కు ఆపలేదు, నేరుగా ఊపిరితిత్తుల లోపలికి వెళ్తాయి. పైగా శరీర బరువుతో పోల్చి చూస్తే పెద్దవాళ్లకంటే పిల్లలే ఎక్కువ గాలి పీలుస్తారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన పరిమితి ప్రకారం 24 గంటల సగటు ఘనపు మీటరు గాలికి 15 మైక్రోగ్రాములు దాటకూడదు. మన దేశ ప్రమాణం 60. అంటే ఫోన్‌లో ఏక్యూఐ 100 లోపు చూపించి "సంతృప్తికరం" అన్న రోజున కూడా, ఆ సంస్థ చెప్పిన హద్దుకు నాలుగు రెట్ల ధూళి ఉండే అవకాశం ఉంది. "మనది ఢిల్లీ కాదు కదా" అని నిశ్చింతగా కూర్చోవడానికి లేదు. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో హైదరాబాద్, విశాఖపట్నం, విజయవాడ కూడా ఉన్నాయి.

బయటి గాలి మన చేతిలో లేదు. ఇంట్లో పొగ మాత్రం పూర్తిగా మన చేతిలోనే ఉంది. మస్కిటో కాయిల్ సంగతే తీసుకోండి. ఒక్క కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే పీఎం 2.5, 75 నుంచి 137 సిగరెట్లు కాల్చినంత ఉంటుందని 2003లో వచ్చిన ఒక పరిశోధన తేల్చింది. పిల్లల మంచం కింద కాయిల్, మంచం పక్కన ప్యూరిఫయర్ పెడితే లాభమేముంది? కిటికీలకు మెష్, మంచానికి దోమతెర పెట్టండి. ఖర్చు తక్కువ, పని గట్టిది.

అగరుబత్తి, సాంబ్రాణి విషయంలో పెద్దవాళ్ల మనసు నొప్పించాలని నాకు లేదు. పూజ మానమని ఎవరూ చెప్పరు. కిటికీ తెరిచి వెలిగించండి, ధూపం పిల్లలు పడుకునే గదిలోకి తీసుకెళ్లకండి. అలాగే తాలింపు వేసేటప్పుడు వంటగదిలో ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆన్‌లో ఉండాలి. ఆ నూనె పొగ ప్యూరిఫయర్‌లోకి వెళ్తే ఫిల్టర్ త్వరగా మూసుకుపోతుంది.

కొనేటప్పుడు ఒక్క పదం దగ్గర ఆగండి

ఇంగ్లిష్ టీచర్‌గా ఒక మాట. డబ్బా మీద "హెపా" అని ఉంటే సరిపోదు, దాని పక్కన ఏ పదం ఉందో చదవండి. "హెపా టైప్", "హెపా లైక్" అంటే హెపా లాంటిది అని మాత్రమే. అసలు హెపా 0.3 మైక్రాన్ల రేణువుల్లో 99.97 శాతం పట్టుకోవాలి. యూరప్ లెక్కలో హెచ్13 అని రాసి ఉన్నా మంచిదే.

రెండోది సీఏడీఆర్. ఆ మెషిన్ గంటకు ఎంత శుభ్రమైన గాలి ఇస్తుందో చెప్పే అంకె ఇది. దీని లెక్క మన ఆరో తరగతి పిల్లలు కూడా చేయగలరు. 12 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు ఉన్న బెడ్‌రూమ్‌లో 1,440 ఘనపు అడుగుల గాలి ఉంటుంది. అంటే సుమారు 41 ఘనపు మీటర్లు. ఆ గాలి గంటకు ఐదుసార్లు శుభ్రం కావాలనుకుంటే సీఏడీఆర్ 200కి తగ్గకూడదు. అదే 20 అడుగులు, 15 అడుగుల హాల్ అయితే 400 దాటాలి. అందుకే చిన్న మెషిన్‌ను వచ్చినవాళ్లకు కనిపించేలా హాల్లో పెట్టకండి. పిల్లలు ఎనిమిది గంటలు నిద్రపోయే గదిలో పెట్టి, తలుపు వేయండి.

ఇక్కడ ఒక మెలిక ఉంది. డబ్బా మీది సీఏడీఆర్ ఫుల్ స్పీడుది. ఆ శబ్దానికి రాత్రి నిద్ర పట్టదని స్పీడు తగ్గిస్తాం, దాంతో శుభ్రమయ్యే గాలీ తగ్గుతుంది. అందువల్ల గదికి కావలసిన దానికంటే ఒక సైజు పెద్దది తీసుకుని, తక్కువ స్పీడులో నడపడం మేలు.

అయొనైజర్, ఓజోన్ లాంటి అదనపు హంగులకు డబ్బు పెట్టకండి. ఓజోన్ ఊపిరితిత్తులకు చికాకు కలిగించే వాయువు. ఆ బటన్ ఉంటే ఆఫ్‌లోనే ఉంచండి. ఇక మనీ ప్లాంట్, స్నేక్ ప్లాంట్ ఇంటి గాలిని శుద్ధి చేస్తాయనే ప్రచారానికి మూలం 1989లో నాసా మూసిన పెట్టెల్లో చేసిన ప్రయోగాలు. ఇంట్లో అదే ఫలితం కావాలంటే చదరపు మీటరుకు కనీసం పది మొక్కలు కావాలని 2019లో జరిగిన ఒక సమీక్ష లెక్కకట్టింది. మొక్కలు పెంచుకోండి, అందంగా ఉంటాయి. గాలి కోసం మాత్రం వాటిని నమ్ముకోకండి.

అసలు పని కొన్నాకే

షాపులో ఈఎంఐ ఎంత అని అడుగుతాం. ఫిల్టర్ ఎంత, ఎన్ని నెలలకు మార్చాలి, ఐదేళ్ల తర్వాత కూడా దొరుకుతుందా అని అడగం. ఉదాహరణకు మెషిన్ 10,000 రూపాయలు, ఏడాదికొకసారి మార్చే ఫిల్టర్ 3,000 అనుకుందాం. ఐదేళ్లలో మరో నాలుగు ఫిల్టర్లకు 12,000 అవుతుంది. మెషిన్ కంటే ఫిల్టర్ల ఖర్చే ఎక్కువ! ఈ డబ్బు ముందే పక్కన పెట్టలేమనుకుంటే, ప్యూరిఫయర్ కొనకపోవడమే నయం. మూసుకుపోయిన ఫిల్టర్‌తో నడిచే మెషిన్ గాలిని పెద్దగా శుభ్రం చేయదు. "మనింట్లో ప్యూరిఫయర్ ఉందిలే" అనే ధైర్యం మాత్రం ఇస్తుంది. దానివల్ల కాయిల్ మళ్లీ మంచం కిందికి వస్తుంది.

ఇంట్లో గుర్తుంచుకోవాల్సినవి ఇవి:

- కొత్త ఫిల్టర్ మీద ప్లాస్టిక్ కవర్ ఉంటుంది. మెషిన్ తెరిచి, కవర్ తీశాకే ఆన్ చేయండి.
- బయటి వైపు ఉండే జల్లెడ లాంటి ప్రీ ఫిల్టర్‌ను రెండు వారాలకోసారి దులపండి. కడగవచ్చని మాన్యువల్‌లో ఉంటేనే కడిగి, పూర్తిగా ఆరాక బిగించండి.
- హెపా ఫిల్టర్‌ను నీళ్లతో కడగకండి. తడిస్తే పాడవుతుంది, బూజు కూడా పట్టవచ్చు.
- గోడకు, కర్టెన్‌కు కనీసం అడుగు దూరంలో ఉంచండి.
- మార్చిన తేదీని ఫిల్టర్ అంచున పెన్నుతో రాయండి. ఈ పని పిల్లలకే అప్పగించండి, ఇష్టంగా చేస్తారు.
- పాత ఫిల్టర్‌ను దులపకుండా కవర్‌లో కట్టి పారేయండి.

ఎండాకాలంలో కూలర్ వాడే ఇళ్లలో ప్యూరిఫయర్ పెద్దగా పనిచేయదు. కూలర్ బయటి గాలిని లోపలికి తోస్తూనే ఉంటుంది కదా. ఏసీ గదిలో బాగా పనిచేస్తుంది, కానీ కార్బన్ డయాక్సైడ్‌ను తీసేయలేదు. రాత్రంతా మూసిన గదిలో నలుగురు పడుకుంటే పొద్దున తల బరువుగా ఉండడం సహజం. రోజూ కాసేపు కిటికీలు తెరవండి. చలికాలంలో తెల్లవారుజామున కంటే మధ్యాహ్నం తెరవడం మంచిది. ఎండెక్కాక నేల దగ్గర పేరుకున్న ధూళి పైకి లేచి పలచబడుతుంది.

గేటు దగ్గర గాలి సంగతి

ఇంతా చేసి, సాయంత్రం స్కూల్ వదిలే వేళ మన గేటు ముందు ఏం జరుగుతోందో చూడండి. కార్లు, బైకులు, ఆటోలు, మన స్కూల్ బస్సులు కూడా, ఇంజిన్ ఆపకుండా నిలబడి ఉంటాయి. ఆ పొగ గొట్టాల ఎత్తు సరిగ్గా నర్సరీ, ఎల్‌కేజీ పిల్లల ముఖాలకు దగ్గర. అక్కడ ఏ కంపెనీ ప్యూరిఫయరూ పనిచేయదు.

బస్సుల విషయం మేము స్టాఫ్ మీటింగులో అడగాలి, అడుగుతాం. మీ బండి విషయం మాత్రం మీ చేతిలోనే ఉంది. బిడ్డ కోసం వేల రూపాయలు పెట్టి మెషిన్ కొనడానికి సిద్ధపడే తల్లిదండ్రులకు తాళం తిప్పి ఇంజిన్ ఆపడం కష్టం కాదు. ఆ పది నిమిషాలు మీ పాపతో పాటు పక్కన నిలబడ్డ పది మంది పిల్లలకూ కలిసొస్తాయి. ఈ నెల నుంచే మొదలుపెడదామా?