మన ర్యాప్‌లో తాండా యాడుంది?

యూట్యూబ్‌లో మనోళ్ల ర్యాప్ వీడియోలు హాస్టల్‌లో అందరం చూస్తాండాం. ఒక మాట గట్టిగానే చెప్పాల.

ర్యాప్ పుట్టింది న్యూయార్క్ బ్రాంక్స్‌లో, పేద నల్లజాతి పిల్లల నోట. 1982లో వచ్చిన 'ది మెసేజ్' వీడియోలో కనిపించేది ఆ ఊరి వీధులే. తర్వాత కంపెనీల డబ్బు దిగింది. కార్లు, బంగారు గొలుసులు, చుట్టూ ఆడపిల్లలు. మనోళ్లు పట్టుకున్నది ఈ రెండోదాన్నే: బాడుగ కారు, నల్లద్దాలు. సీమ అంటే సినిమావాళ్లు అంటగట్టిన వేటకొడవలి, సుమో. వాటిని మనమే ఏంటికి మోయాల? ఫేటియా, కాంచళి కట్టిన అక్క వెనకాల ఆడిపోతాది, ఆమెకు ఒక్క మాటా ఉండదు.

అనంతపురంలో ఏడాది వాన సుమారు 550 మి.మీ. అదీ తప్పితే శెనక్కాయ చేను ఎండుతాది, ఇంటికి తాళమేసి జనం వలస పోతారు. ఆ తాళం ఏ వీడియోలో ఉంది?

'ఇవి చూపిస్తే వ్యూస్ రావు' అంటారు. 2021లో తమిళ ర్యాపర్ అరివు 'ఎంజాయ్ ఎంజామి'లో లంక తేయాకు తోటల్లో చాకిరీ చేసిన అవ్వ బతుకును పాటగా చేసినాడు. కోట్ల మంది చూసినారు. అయినా ఆ ఏడాదే రోలింగ్ స్టోన్ ఇండియా ఆ పాట గురించి వేసిన ముఖచిత్రంలో అరివు బొమ్మ లేదు. పా. రంజిత్ బహిరంగంగా నిలదీసినాడు. రాసినోడినే పక్కన పెట్టే లోకం, నకలు కొట్టేటోళ్లను లెక్క చేస్తాదా?

పెళ్లికూతురు ఏడుస్తా పాడే ఢావ్లో మనకుంది. గోర్‌బోలి ఉంది. కెమెరా యాడి చేతుల మీద పెడదాం. ఈసారి ఆమెనే మాట్లాడనిద్దాం.