వర్చువలైజేషను వేఱు, క్లౌడు వేఱు

నేడు బ్యాంకులు, ఆసుపత్రులు, కళాశాలలు, చిన్న పెద్ద వ్యాపారసంస్థలు తమ లెక్కలన్నియు క్లౌడునకు మార్చితిమని చెప్పుకొనుట పరిపాటియైనది. కొందఱి విషయమున నది యథార్థము. మఱికొందఱు తమ గదిలోని సర్వరులపై వర్చువలైజేషనును నెలకొల్పి, దానినే క్లౌడని పిలుచుచున్నారు. పేరేదైన నేమి యని దీని నుపేక్షింపరాదు. ఈ రెండింటిని వేఱుపఱచి చూడనివారు సొమ్మును నష్టపోవుదురు. తమ వ్యవహారములపై తమకుగల యధికారమును సయితము తమకు తెలియకయే పరుల పాలు చేయుదురు.

వర్చువలైజేషను ఒక విద్య. సర్వరు తన శక్తిలో స్వల్పభాగమును మాత్రమే వినియోగించుచు, తక్కిన శక్తి వ్యర్థముగా పడియుండుట కద్దు. హైపర్‌వైజరను సాఫ్టువేరు ఆ యంత్రముయొక్క ప్రాసెసరును, మెమరీని, డిస్కును భాగములు చేసి, ఒక్కొక్క భాగమును ఒక్కొక్క పూర్తి కంప్యూటరువలె పనిచేయించును. ఒకదానియందు జమాఖర్చులు, వేఱొకదానియందు ఉత్తరప్రత్యుత్తరములు నడచుచుండును. ఒకదానిలోని సాఫ్టువేరు చెడినను సాధారణముగా రెండవదానికి హాని లేదు. ఇది నిన్న మొన్న పుట్టిన విద్య గాదు. 1972లోనే ఐ.బి.ఎం. సంస్థ తన పెద్ద యంత్రములకై వి.ఎం./370ని ప్రకటించినది. 1998లో స్థాపింపబడిన వి.ఎం.వేర్ సంస్థ మఱుసటి యేడు దీనిని సామాన్య కంప్యూటరులకు తెచ్చినది. 2003లో జెన్, 2007లో లినక్సునందు కె.వి.ఎం. స్వేచ్ఛా సాఫ్టువేరులుగా లోకమునకు లభించినవి.

పదియెకరముల చేనిని గట్లువేసి యిరువది మడులు చేయవచ్చును. ఏ మడిలో నే పైరు వేయవలెనో రైతు నిర్ణయించుకొనును. కాని మడు లెన్నియైనను భూమి పదియెకరములే. వర్చువలైజేషనుయొక్క లాభమును, హద్దును ఇందే యున్నవి.

క్లౌడన్ననో, సేవను పొందుటకును, దాని వెలను చెల్లించుటకును సంబంధించిన యొక యేర్పాటు. 2006లో అమెజాను సంస్థ తన యంత్రశక్తిని గంటల లెక్కను అద్దెకిచ్చుట కారంభించిన పిమ్మట ఇది ప్రబలినది. 2011లో అమెరికా ప్రభుత్వపు జాతీయ ప్రమాణముల సంస్థ దీనికి ఐదు లక్షణములను నిర్దేశించినది. వినియోగదారుడు తనకు కావలసిన శక్తిని ఒరులతో నిమిత్తము లేక తానే పొందగలుగుట. నెట్‌వర్కుద్వారా వివిధ యంత్రములనుండి అది అందుబాటులో నుండుట. ఉమ్మడి నిధినుండి పెక్కుమందికి పంపకమగుట. అవసరమునుబట్టి వెనువెంటనే పెరుగుట, తరుగుట. వాడకమునకు కొలత యుండుట. వేలాది యెకరముల కమతమునుండి కావలసినంత నేలను కావలసినన్ని గంటలకు కౌలునకు పుచ్చుకొని, పని తీరగనే విడిచిపెట్టుట వంటి దిది. పై లక్షణములు లేనిచోట గది నిండ వర్చువల్ మెషీనులున్నను అది క్లౌడు గాదు. అవి కుదిరినచో సొంత భవనములోని యంత్రములే క్లౌడు కావచ్చును. 2010లో నాసా, రాక్‌స్పేసు సంస్థలు ప్రారంభించిన ఓపెన్‌స్టాకు ఇందులకై పుట్టినదే. అమెజాను క్లౌడు సయితము మొదట జెన్‌పైననే నిలిచినది. గట్లువేయు విద్య కౌలు నిచ్చువానికిని కావలయును. కాని గట్లు వేసినంతమాత్రమున కౌలు ఏర్పాటు సిద్ధింపదు.

ఈ వివేకము లేనిచో ధననష్టము తప్పదు. పరీక్షాఫలితములు వెలువడు దినమున లక్షలకొలది విద్యార్థులు ఒక్క గంటలో వచ్చి పడుదురు. సొంత యంత్రమును విభజించుకొన్నవాడు ఆ యొక్క గంటకొఱకు అదనపు యంత్రములను ఏడాది పొడవున పోషింపవలెను. క్లౌడునందు ఆ గంటకే బాడుగ చెల్లింపవచ్చును. మఱి రేయింబవళ్లు ఒకే తీరున సాగు పనికి గంటల బాడుగ చెల్లించుట సామాన్యముగా గిట్టుబాటు కాదు. ఆపుట మఱచిన యంత్రమునకును బాడుగ నడచుచునే యుండును.

అధికారనష్టము ఇంతకంటె గొప్పది. 2025 జూలైలో ఐరోపా సమాఖ్య ఆంక్షలు విధించిన పిమ్మట, గుజరాతులోని వాడినారునందు చమురుశుద్ధి కర్మాగారమును నడుపు నయారా ఎనర్జీ సంస్థకు మైక్రోసాఫ్టు తన సేవలను నిలిపివేసినది. రుసుము చెల్లించియే యున్నామని వాదించుచు ఆ సంస్థ ఢిల్లీ హైకోర్టు నాశ్రయించినది. కొన్ని దినములలో సేవలు మరల నారంభమైనవి. కాని తాళపుచెవి యెవరి చేత నున్నదో లోకమునకు తేటపడినది. 2022లో అమెజాను హైదరాబాదునందు క్లౌడు కేంద్రమును తెఱచినది. యంత్రములు మన యూర నున్నంతమాత్రమున వానిపై యధికారము మనది కాజాలదు.

సొంత యంత్రములు గలవారును నిశ్చింతగా నుండ వలనుపడదు. 2023 నవంబరులో బ్రాడ్‌కామ్ సంస్థ వి.ఎం.వేర్‌ను కొనినది. డిసెంబరులో శాశ్వత లైసెన్సుల విక్రయమును మానివేసి, కాలపరిమితిగల చందాలనే యిచ్చెదనని ప్రకటించినది. భూమి సొంతమైనను నాగలి అద్దెదైనచో నేమగునో ఇది తెలుపుచున్నది. కె.వి.ఎం. వంటి స్వేచ్ఛా సాఫ్టువేరును నేర్చినవారిని తయారుచేసికొనుట యిందుల కొక ప్రతిక్రియ.

క్లౌడును బహిష్కరింపుడని మేము చెప్పుట లేదు. హెచ్చుతగ్గులుగల పనికి క్లౌడు, నిలుకడగల పనికి సొంత యంత్రముల విభజన తగియుండును. ఏ మార్గమైనను ముఖ్యమైన దస్త్రముల కొక ప్రతి వేఱొకచోట నుండవలయును. ఒప్పందమునందు విడిచిపోవు విధము స్పష్టముగా వ్రాయబడి యుండవలయును. ప్రజల సొమ్ముతో నడచు పురపాలకసంఘములు, విశ్వవిద్యాలయములు, సహకారబ్యాంకులు తాము కొన్నది విద్యయా, కౌలా యను సంగతిని, ఆ షరతులను ప్రజలముందుంచుట వారి విధి. అడిగి తెలిసికొనుట ప్రజల విధి.