పురజనులకు అంకెలు రావా?

మన తెలుగు రాష్ట్రములలో ఒక వింత న్యాయము నడచుచున్నది. శాసనమండలి పట్టభద్రుల స్థానమునకు ఎన్నిక జరుగునపుడు ఓటరు తనకు మిక్కిలి నచ్చిన అభ్యర్థికి 1, తరువాతివానికి 2, ఆపైవానికి 3 అని అంకెలు వేయవచ్చును. ఆ పట్టభద్రుడే తన వీధి దీపమును, మురుగుకాలువను చూడవలసిన కార్పొరేటరు నెన్నుకొనబోయినచో ఒక్క గుర్తుతో వాని అభిప్రాయము ముగియవలసినదే. పట్టము లేని పొరుగువానికి ఆ అంకెల భాగ్యము ఎక్కడను లేదు. ఇదెక్కడి న్యాయము?

ఒక వార్డులో వేయిమంది ఓటు వేసిరనుకొందము. నలుగురు అభ్యర్థులకు 340, 300, 220, 140 చొప్పున వచ్చినవి. మొదటివాడే విజేత! వేరొకరిని కోరిన 660 మంది మాట గంగపాలు. ఎదిరి పేరే గల మరియొకనిని పోటీకి దింపి ఓట్లు చీల్చు విద్య వర్ధిల్లుటకు ఈ పద్ధతియే మూలము. యోగ్యుడు నిలిచినను, "వీడు గెలువడు, ఓటు వృథా" యని ఓటరే వెనుదీయుచున్నాడు.

ప్రాధాన్యక్రమమున ఈ విద్య సాగదు. ఎవ్వరికిని సగమునకు మించి రానిచో, కడపటివానిని తొలగించి, వాని చీటీలను వానిపైనున్న తరువాతి అంకెను బట్టి తక్కినవారికి చేర్చుదురు. ఇది పరదేశపు మోజు కాదు. మన రాష్ట్రపతి ఎన్నికయు ఇట్టిదే. 1969లో వి.వి. గిరిగారు నీలం సంజీవరెడ్డిగారిపై గెలుపొందినది రెండవ ప్రాధాన్యపు ఓట్లను లెక్కించిన పిమ్మటనే. నగరములకును ఇది క్రొత్త కాదు. శాన్ ఫ్రాన్సిస్కో 2004 నుండి దీనిని పాటించుచున్నది. న్యూయార్కు ప్రజలు 2019లో ఓటు వేసి దీనిని కోరి, 2021లో మేయరు పదవికి పార్టీల ప్రాథమిక ఎన్నికలలో అమలుపరచుకొనిరి.

లెక్కింపు ఆలస్యమగునందురు. నిజమే. 2021లో నల్లగొండ-ఖమ్మం-వరంగల్ పట్టభద్రుల స్థానమునకు 71 మంది పోటీపడగా లెక్కింపు దినములకొలది సాగినది. కాని అది మూడు పూర్వపు జిల్లాల ఎన్నిక. వార్డు అంతటిది కాదు. అయిదేండ్లు మనలను పాలించువానికొరకు ఒక్క దినము వేచియుండలేమా?

చదువురానివారికి తెలియదందురు. వంకాయ లేనిచో బెండకాయ, అదియు లేనిచో దొండకాయ యని సంతలో నిశ్చయించుకొను ఇల్లాలికి ప్రాధాన్యక్రమమును ఎవరు నేర్పిరి? అంకె వ్రాయలేనివారికి న్యూయార్కు చీటీపై వలె వరుస గడులు నింపు ఏర్పాటు చేయవచ్చును.

ఈ పద్ధతి ధనమును, సారాయిని మాన్పునని మేము చెప్పుట లేదు. ఒకే అంకె వేసి ఊరకున్నవాని చీటీ నడుమనే ఆగిపోవుటయు కలదు. కాని సగముమంది సమ్మతి లేనివాడు తొలి లెక్కలోనే పీఠమెక్కుట తప్పును. గెలువగోరువాడు తనవారినే కాక పొరుగువారిని గూడ రెండవ అంకెకై అర్థింపవలసివచ్చును. పేటకును పేటకును, కులమునకును కులమునకును వైరము పెంచి బ్రతుకు రాజకీయమునకు ఇంతకంటె మందేమున్నది?

దీనికై ఢిల్లీ మొగము చూడనక్కరలేదు. పురపాలక ఎన్నికలకు శాసనము చేయు అధికారమును రాజ్యాంగపు 243 జడ్ఏ అధికరణము రాష్ట్ర శాసనసభలకే ఇచ్చినది. కావున ఓటు వేడ వచ్చు ప్రతి అభ్యర్థిని పురజనులు ఈ ప్రశ్న అడుగవలెను: "అయ్యా, మా రెండవ అంకె యన్న మీకు భయమేల?"