ఒకే నేల, వేరు పునాదులు

‘పునాది’ అను మాటను మన తెలుగువారు ఉర్దూలోని ‘బునియాద్’ నుండి గ్రహించిరి. మాట ఉభయులకును ఒక్కటే. అయినను పునాదులన్నియు ఒక్కటి కావని మనవి చేయుటయే ఈ వ్యాసమున మా ఉద్దేశము.

పవన, సౌర విద్యుత్తులను ఒకేచోట ఉత్పత్తి చేయు మిశ్రమ కేంద్రములకై కేంద్ర ప్రభుత్వము 2018లో జాతీయ విధానమును ప్రకటించినది. 2022 మే నెలలో మన కర్నూలు, నంద్యాల సీమలోని పిన్నాపురము వద్ద గాలిని, ఎండను, నీటి నిల్వను కలుపు పథకమునకు శంకుస్థాపన జరిగినది. రెండింటికిని ఒకే భూమి, ఒకే విద్యుత్ లైను ఉపయోగపడును గనుక ఖర్చు తగ్గుననుట నిజము. కాని నేల పరీక్షను, పునాదుల లెక్కను కూడ ఒక్కటిగా ముగింపవచ్చునను ధోరణిని మేము అంగీకరింపజాలము.

గాలిమరను చూడుడు. నూరు మీటర్ల ఎత్తున 50 టన్నుల బలముతో గాలి నెట్టినచో స్తంభము మొదట 5000 టన్ను-మీటర్ల భ్రామకము దానిని పడద్రోయ జూచును. దీనిని ఎదుర్కొనునవి బరువు, వెడల్పు. అందువలననే తరచుగా 18, 20 మీటర్ల వ్యాసము గల కాంక్రీటు దిమ్మెను పోసి, దానిపై మట్టిని కప్పుదురు. నేల మెత్తనిదైనచో స్తంభపు సహజ పౌనఃపున్యము తగ్గి, రెక్కల భ్రమణముతో కలిసి అనునాదము పుట్టవచ్చును.

సౌర ఫలకముల సంగతి ఇందుకు విరుద్ధము. వాటి బరువు స్వల్పము. గాలి వాటిని పైకి పెరుకుటయే ప్రమాదము. అదియునుగాక మన నల్లరేగడి వానకు ఉబ్బును, వేసవికి నెఱ్ఱెలు విచ్చును. పై పొరలోనే ఆగిన సన్నని స్తంభములను ఆ ఉబ్బు పైకి లేపును. వరుసలు వంకరపోయి అద్దములు పగులవచ్చును. లోతైన నల్లరేగడిలో అండర్ రీమ్డ్ పైల్సు కనీసము 3.5 మీటర్లు దిగవలెనని ఐ.ఎస్. 2911 ప్రమాణము నిర్దేశించుచున్నది. రాజస్థాన్ ఇసుకలో సరిపోయిన కొలతను ఇచ్చట నకలు వ్రాసిన చాలునా?

ఈ రెండును ఒకే ఆవరణలో చేరినప్పుడు మరియొక చిక్కు కలదు. గాలిమర పునాదిపై కప్పిన మట్టి వట్టి పూడిక కాదు. దాని బరువును కూడ లెక్కలో చేర్చుదురు. సౌర విభాగమువారు కేబుళ్ళకై అచ్చటనే కందకము త్రవ్వినచో ఆ బరువు తరుగును. ఫలకముల నుండి జారిన వాననీరు దారిలేక అచ్చట నిలిచి భూమిలో ఇంకినచో, నీటి తేలింపు వలన మరికొంత తరుగును. ఎవరి పటము వారు గీసికొన్నచో ఈ సంగతి ఎవరికిని కనబడదు.

కావున ప్రతి గాలిమర చోటను బోరు వేసి నేలను పరీక్షింపవలెను. సౌరక్షేత్రములో నేల మారిన ప్రతిచోటను స్తంభమును పెరికి చూచు పరీక్ష జరుపవలెను. ఉభయ విభాగముల ఇంజనీర్లును ఒకే పటముపై సంతకము చేయవలెను. కేంద్రపు ఆయువు తీరిన పిదప భూమిలోని కాంక్రీటును తొలగించు బాధ్యత ఎవరిదో, భూమి నిచ్చిన రైతుకు ముందే వ్రాతమూలముగ తెలుపవలెను.

సివిల్ విద్య నభ్యసించు మన సోదర విద్యార్థులు రేపు ఈ పటములను గీయబోవువారే. నేల పరీక్ష ఖర్చును తగ్గింపుడని ఎవరైన కోరినప్పుడు, ‘కుదరదు’ అని చెప్పుటకు వారు వెనుదీయకుందురు గాక!