తోటను అడవి అనకండి



ఆషాఢం వచ్చి నాలుగు చినుకులు పడగానే మన బెజవాడలో మొక్కలు నాటే ఉత్సవాలు మొదలవుతాయి. గుంత తీసేది ఒకరు, మొక్క పెట్టేది ఒకరు, ఫోటోకు నిలబడేది మరొకరు. 1950లో మున్షీగారు ప్రారంభించిన వనమహోత్సవంతో నాకు తగవు లేదు. వేపమొక్క నాటిన చేతికి నేను నమస్కరిస్తాను. దానికిప్పుడు తగిలిస్తున్న కొత్త వ్యాఖ్యానంతోనే నా తగవు. “ఇన్ని లక్షల మొక్కలు నాటాము, కనుక ఇంత అడవిని పునరుద్ధరించాము, ఇంత కర్బనాన్ని బంధించాము” అంటున్నారు. ఈ ‘కనుక’ అన్నది ఎక్కడినుండి వచ్చింది?

తెలుగు చెప్పి బ్రతికినవాణ్ణి గనుక మాట దగ్గరే మొదలుపెడతాను. సంస్కృతంలో ‘వనం’ అడవికీ చెల్లుతుంది, ఉద్యానానికీ చెల్లుతుంది. తెలుగు ఈ రెంటినీ కలపలేదు. మనిషి వేసి, నీరు పోసి పెంచినది తోట. తనంత తాను మొలిచి, రాలి, మళ్ళీ మొలిచేది అడవి. మన ప్రభుత్వ లెక్కలు ఈ భేదాన్ని చెరిపివేశాయి. భారత అటవీ సర్వే నివేదికల్లో ఒక హెక్టారుకు తగ్గని నేలలో నూటికి పదిపాళ్ళు చెట్ల నీడ ఉంటే చాలు, అది అటవీ ఆచ్ఛాదన. ఏ చెట్టు, ఎవరి నేల అన్న ప్రశ్న లేదు. మామిడితోటా అదే, సరుగుడుతోపూ అదే, నల్లమలా అదే!

పేరులో ఏముందని అడిగేవారికి సమాధానం చెబుతాను. నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతాల్లో రైతులు కాగితపు మిల్లులకోసం సుబాబుల్ వేస్తారు. అది న్యాయమైన పంట, నాకు ఆక్షేపణ లేదు. కాని నాలుగైదేళ్ళకు నరికే పంట అది. గుజ్జై, కాగితమై, చిత్తై, ఆ కర్బనంలో అధికభాగం తిరిగి గాలిలో కలుస్తుంది. దానిని నిలువ అనడం, నేడు వేసి రేపు తీసే సొమ్మును ఆస్తి అనడమే.

నిజమైన నిలువ మన దివిసీమ అంచున ఉంది. నాగాయలంక దాటితే కృష్ణ సముద్రంలో కలిసేచోట సొర్లగొంది, నాచుగుంట, ఎలిచెట్లదిబ్బ మడ అడవులు ఉన్నాయి. సుమారు 195 చదరపు కిలోమీటర్ల కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం అక్కడిదే. మడచెట్టు చూపుకు పొట్టి. దాని సంపద కాండంలో కన్న బురదలో ఎక్కువ. ఆటుపోట్ల నీటితో తడిసిన ఆ బురదలో ప్రాణవాయువు ఉండదు, అందుచేత రాలిన ఆకూ వేరూ త్వరగా కుళ్ళవు. కర్బనం శతాబ్దాలపాటు అడుగున పేరుకొంటుంది. ఆ నేలను రొయ్యలచెరువు కోసం తవ్వితే పేరుకొన్నదంతా గాలికి తెరచినట్టే. ఎక్కడో మెట్టమీద పది మొక్కలు నాటి ఆ నష్టం పూడ్చామనడం ఏ ధర్మశాస్త్రంలోని ప్రాయశ్చిత్తం?

1977 నవంబరు 19న ఉప్పెన అధికారిక లెక్కకే దాదాపు 10 వేలమందిని మింగింది. మడ ఉంటే ఆ ఉప్పెన ఆగేదని నేననను. అల జోరును తగ్గించే శక్తి మాత్రం దానికున్నదని తీరవాసులందరికీ తెలుసు. మడను తిరిగి పెంచే విద్య కూడా మనకు కొత్తకాదు. ఉప్పు తేలి చచ్చిన పల్లాల్లో చేపముల్లు ఆకారంలో ఒక పెద్దకాలువ, దానికి పక్కకాలువలు తవ్వి, పోటునీరు వచ్చిపోయేటట్లు చేస్తారు. ఉప్పు కడుక్కుపోతుంది, మడ నిలుస్తుంది. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీశాఖ, తీరగ్రామాల ప్రజలు కలిసి కృష్ణా గోదావరీ ముఖాల్లో చేసి చూపించిన పని ఇది. ఇందులో మొక్క కన్న ముందు నీటిని చూడాలి. శ్రీశైలం, సాగరం ఒండ్రును పట్టి ఉంచగా, బ్యారేజీ దాటి మంచినీరు వేసవిలో చుక్కగా మారగా, మడ ఏమి త్రాగి బ్రతకాలి?

ఇక అగ్గి సంగతి. ‘కాఱు’ అంటే అడవి, కనుక కార్చిచ్చు. సంస్కృతంలో ‘దావం’ అడవికీ, దానిని కాల్చే అగ్గికీ కూడా పేరు. కొండపల్లి కొండలవంటి ఆకురాల్చే అడవుల్లో మాఘ ఫాల్గుణాల్లో ఆకు రాలి ఎండుతుంది. ఆ తరువాత చాలామట్టుకు మనిషే నిప్పు పెడతాడు, లేదా బీడీముక్క విసురుతాడు. నేలబారున పాకే ఆ మంట పెద్దచెట్టును చంపకపోవచ్చు, ఏటేటా మొలకలను మాత్రం చంపుతుంది. కొండపల్లి బొమ్మకు కొయ్యనిచ్చే తెల్లపొణికి ఇప్పటికే అరుదయింది. మొలకలు నిలవకపోతే రేపటి బొమ్మను దేనితో చెక్కుతారు? వేడి పెరిగినకొద్దీ ఈ ముప్పు పెరుగుతుంది. 2021లో అమెరికాలోని ఆరిగన్‌లో బూట్‌లెగ్ కార్చిచ్చు, కంపెనీల కర్బనఖాతాకు జమకట్టిన అడవినే కాల్చింది. 2023లో కెనడాలో కోటిన్నర హెక్టార్లకు పైగా కాలిపోయింది. అడవిలో దాచిన కర్బనానికి కావలివాడు కావాలని వాళ్ళకు తెలిసివచ్చింది.

“ఏదో ఒక చెట్టు, లేనిదానికన్న మేలు కదా?” అంటారు. వీధిలో మేలే. రోడ్డువెంట మేలే. ఉన్న అడవిని కొట్టి, బదులుగా తోట వేశామన్నప్పుడు మాత్రం మేలు కాదు. 2016 నాటి పరిహార అటవీకరణ నిధి చట్టం ఆ బదులు బేరాన్నే ఆధారం చేసుకొన్నది.

నేను కోరేవి పెద్దవి కావు. నాటినవి కాదు, ఐదేళ్ళ తరువాత బ్రతికినవి లెక్కపెట్టండి. కొత్త మొక్క నాటే ముందు ఉన్న మడలో కాలువ పూడిక తీయండి. మాఘానికి ముందే అగ్గిగీతలు తీయడానికి కొండకింది ఊళ్ళవారికి కూలి ఇవ్వండి. నదికి కొంత నీరు వదలండి. తోటల లెక్క తోటల పద్దులో వ్రాయండి.

ఈ వాదంతో విభేదించేవారు నిస్సంకోచంగా వ్రాయండి. మీ ఊరి పక్కనున్న అడవి పేరు, అందులోని చెట్ల తెలుగు పేర్లు కూడా వ్రాస్తే సంతోషిస్తాను. నిఘంటువుల్లో లేని పేర్లయితే మరీ మంచిది.

శెలవు.