పాడి నిలిచిననే పల్లె నిలుచును

ఎట్టి విపత్తు వచ్చినను ఒక్క పూటయైన ఆపుటకు వీలులేని వృత్తి పాడి. నేతగాడు కొన్నాళ్లు మగ్గము నిలుపవచ్చును. వర్తకుడు అంగడి మూయవచ్చును. ధాన్యము పండించిన రైతు మంచి ధర వచ్చువరకు గాదెలో నిలువ యుంచుకొనవచ్చును. గేదె పొదుగునకు మాత్రము సెలవుదినము లేదు. ఉదయము, సాయంకాలము పాలు పితుకకున్నచో పొదుగువాపు పుట్టి పశువే చెడును. పితికిన పాలు కొలది గంటలలో శీతలకేంద్రమునకు చేరకున్నచో విరిగిపోవును. అమ్మకము ఆగినను పశువునకు మేత ఆపరాదు. పాడిరైతు కష్టము తక్కినవారి కష్టమువంటిది కాదని మేము చెప్పుటకు ఈ మూడే కారణములు.

ఈ సత్యము 2020వ సంవత్సరమున దేశమునకంతకు తెలిసివచ్చినది. కరోనా మహమ్మారి కారణమున ఆ యేడు మార్చి 25వ తేదీనుండి లాక్‌డౌను విధింపబడెను. పాలు అత్యవసర వస్తువని వాని రవాణాకు మినహాయింపు దొరికిన మాట నిజమే. కాని హోటళ్లు, మిఠాయి దుకాణములు, టీ కొట్లు, కల్యాణమండపములు అన్నియు ఒక్కుమ్మడిగా మూతపడెను. ఇండ్లలో పాల వాడుక తగ్గకున్నను, కోవాకును, పెరుగునకును పెద్దయెత్తున పాలు కొనువారు లేకపోయిరి. ఆ దినములలో సహకార సంఘములు దినమునకు 560 లక్షల లీటర్లు సేకరింపగా, అమ్ముడుపోయినవి 360 లక్షల లీటర్లు మాత్రమేయని కేంద్రప్రభుత్వమే 2020 మే నెలలో ప్రకటించెను. దినమునకు 200 లక్షల లీటర్ల పాలకు కొనువాడు లేడన్నమాట!

ఇచట పాఠకులు గమనింపవలసిన విశేష మొకటి కలదు. కొనువాడు లేడని సంఘములు రైతును గుమ్మమునుండి త్రిప్పి పంపలేదు. అధికముగా వచ్చిన 111 కోట్ల లీటర్లను సేకరించి, రైతులకు 4,100 కోట్ల రూపాయలు ముట్టజెప్పినట్లు ప్రభుత్వమే చెప్పియున్నది. పనులు లేక పల్లెలు అల్లాడిన కాలమున ఎన్ని ఇండ్లలో పొయ్యి వెలుగుటకు ఆ సొమ్ము ఆధారమైనదో ఊహింపవచ్చును. సంఘముతో సంబంధము లేక, వీధి వర్తకునకో, మిఠాయి దుకాణమునకో పాలు పోయుచుండిన రైతు గతి వేరు. అతని బిందె నిండియే యుండెను. చేయి మాత్రము వట్టిదయ్యెను. ఆ జూలైలో మహారాష్ట్ర రైతులు గిట్టుబాటు ధర కోరుచు పాలను రోడ్లపై పారబోసిరి. బిడ్డకు పట్టవలసిన పాలను మట్టిలో కలుపుట ఏ రైతునకును వేడుక కాదు.

మిగిలిన పాలను సంఘములు ఏమి చేసినవి? వెన్నగాను, పొడిగాను మార్చినవి. సుమారు 11 లీటర్ల వెన్నతీసిన పాలు ఎండబెట్టినగాని ఒక కిలో పొడి రాదు. అందరును ఒకేసారి పొడి చేసినచో దాని ధర పడిపోవును. గిడ్డంగిలో సరకు పేరుకొనును. రైతునకు మాత్రము సొమ్ము వెంటనే చెల్లింపవలెను. ఆ సొమ్ము అప్పు తేవలసినదే. అందుచేతనే 2020-21లో పాడి సహకార సంఘముల అప్పులపై నూటికి 2 వంతున వడ్డీ రాయితీయు, సకాలమున తీర్చినవారికి మరి 2 వంతును కేంద్రము ప్రకటించెను. ఇది మంచిపని. కాని ఇల్లు అంటుకొనిన పిమ్మట బావి త్రవ్వుట మన పాలనకు అలవాటైపోయినది.

బావిని ముందే త్రవ్వినవారి కథ యొకటి కలదు. గుజరాతునందలి ఖేడా జిల్లా రైతులు బొంబాయికి పాలు పంపు ప్రైవేటు వ్యాపారి గుత్తాధిపత్యమునకు లోబడి నలిగిపోవుచుండిరి. సర్దారు వల్లభభాయి పటేలు సలహాపై, త్రిభువనదాసు పటేలు నాయకత్వమున, 1946లో వారు పాలు పోయుట మానివేసి తమ సంఘమును తామే స్థాపించుకొనిరి. పిదప వర్గీసు కురియను వంటి నిపుణులు వారికి తోడైరి. 1965లో జాతీయ పాడి అభివృద్ధి సంస్థయు, 1970లో క్షీరవిప్లవ కార్యక్రమమును ఆ బీజమునుండియే మొలిచినవి. మన కృష్ణా, గుంటూరు, విశాఖ, నల్లగొండ ప్రాంతములలోను పాలసంఘములు వెలసెను. శాంతికాలమున కట్టుకొనిన సంఘమే ఆపత్కాలమున రైతును కాచును. ప్రపంచమున పాల ఉత్పత్తిలో ప్రథమస్థానము మనదేయని గర్వించునప్పుడు, ఆ స్థానము ఒకటి రెండు పశువులు గల కోట్లాది చిన్న కుటుంబముల చెమటవలన, విశేషించి స్త్రీల చాకిరివలన లభించినదని మరువరాదు.

రైతునకు ధర పెంచినచో పట్టణవాసులపై భారము పడదా యని కొందరు అడుగుదురు. ఆ ప్రశ్నను మేము త్రోసివేయము. కాని ఇరువురకును మేలు చేయు మార్గము లేకపోలేదు. 2020 ఏప్రిలులో కర్ణాటక ప్రభుత్వము మిగులు పాలను కొని పట్టణములందలి పేదలకు ఉచితముగా పంచెను. ఆ రాష్ట్రమున 2013 నుండియే బడిపిల్లలకు పాలు ఇచ్చు పథకము కలదు. మిగిలిన పాలు ఆకలిగొన్న బిడ్డ నోటికి చేరినచో రైతుకు ధర, బిడ్డకు బలము, రెండును ఒక్క వ్యయముతో సిద్ధించును గదా!

కావున మేము కోరునది భిక్ష కాదు, ఏర్పాటు. పాలు పోసిన సొమ్ము పక్షము దాటకుండ రైతు చేతికి అందవలెను. ధర పడిన కాలమున పాలపొడిని ప్రభుత్వము కొని బడులకును, అంగన్వాడీలకును నిలువ యుంచవలెను. కరవునకు, వరదకు ముందే ఎండుగడ్డి, దాణా నిలువలు సిద్ధపరుపవలెను. 2022లో ముద్దచర్మ వ్యాధి రాజస్థానము, గుజరాతు మున్నగు రాష్ట్రములలో వ్యాపించి లక్షకుపైగా పశువులను బలిగొనెను. కావున పశువైద్యుడు, టీకా పల్లెకు ముందే చేరవలెను. సంఘము లేని గ్రామమున సంఘము పుట్టవలెను. ఉన్నచోట అది కొందరి పెద్దరికమునకు నిచ్చెన కాక, పాలు పోయువారి చేతనే నడువవలెను.

పట్టణవాసులారా! ఉదయమున మీ గుమ్మమునకు వచ్చు పాలపొట్లము వెనుక, చీకటిలోనే లేచి దూడను విడిచిన తల్లి యొకతె కలదు. మహమ్మారి దినములలో ఆమె మీకు ఒక్కనాడును పాలు తప్పింపలేదు. ఆమెకు కష్టము వచ్చిననాడు మనము మొగము తప్పించుట న్యాయమగునా? మరల విపత్తు రాదని ఎవరును చెప్పజాలరు. అది వచ్చులోపల ఈ ఋణమును తీర్చుకొనుట మన విధి.